పరుగులో పాదం ఎక్కడ పడాలి: మోకాళ్లు, పిక్కలు పాడవకుండా 1600 మీటర్లకు సిద్ధం కావడం

1600 మీటర్ల పరుగు పరీక్ష ఉండే పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే చాలు, నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం మొదలుకొని ఒంగోలు మినీ స్టేడియం దాకా, కావలి, కందుకూరు, మార్కాపురం కాలేజీ గ్రౌండ్లతో సహా, తెల్లవారుజామున ఎక్కడ చూసినా పరిగెత్తేవాళ్లే. మూడో వారానికల్లా వాళ్లలో కొందరు మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, కొందరు కాలి ముందు ఎముక మీద స్ప్రే కొట్టుకుని గట్టున కూర్చుంటారు. కింద పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. రోజూ వేసిన అడుగులే అక్కడికి తెచ్చాయి.

నడిచేటప్పుడు ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. పరుగులో అలా కాదు, ప్రతి అడుగుకూ ఒళ్లంతా గాల్లోకి లేచి ఒక్క కాలి మీద దిగుతుంది. ఆ దిగే క్షణంలో కాలి మీద పడే భారం మన బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. 70 కిలోల మనిషికి 140 నుంచి 210 కిలోలన్నమాట. మీటరుకో అడుగు చొప్పున చూసినా 5 కిలోమీటర్లకు 5,000 అడుగులు, ఒక్కో కాలికి 2,500 సార్లు. ఎముకా కండరమూ ఈ భారానికి అలవాటు పడతాయి, కానీ వాటి టైము వాటికి కావాలి. ఊపిరి రెండు మూడు వారాల్లోనే దారికొస్తుంది. కండరానికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఎముకకూ, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కూ అన్నిటికంటే ఎక్కువ పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని దూరం పెంచేసినప్పుడు ఎముక ఇంకా సిద్ధమై ఉండదు. చాలా గాయాలకు మూలం ఇక్కడే ఉంది.

కాబట్టి చేతిలో ఉన్న పనులు రెండు. ఒక్కో అడుగులో కాలి మీద పడే భారాన్ని తగ్గించుకోవాలి. మొత్తం అడుగుల సంఖ్యను ఒళ్లు తట్టుకునేంత మెల్లగా పెంచుకోవాలి. మొదటిదాని కోసం పరుగు తీరు మొత్తం మార్చేయక్కర్లేదు. పాదాన్ని ముందుకు చాచి వేయడం మాని, ఒంటి కిందకు దించడం నేర్చుకుంటే ముప్పాతిక వంతు పని అయినట్టే.

ముందు మీ అడుగు మీరు చూసుకోండి

ఎలా పరిగెత్తుతున్నామో మనకు తెలుసనుకుంటాం. వీడియోలో చూసుకుంటే వేరేగా ఉంటుంది. ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి తోటివాళ్ల చేతికివ్వండి. ఐదారు మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి తీయమనండి. పది నిమిషాలు పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక ఒకసారి, బాగా అలిసిపోయాక ఇంకోసారి తీయాలి. రెండోదే ముఖ్యం. అలుపు లేనప్పుడు అందరి పరుగూ బాగానే ఉంటుంది, తేడాలన్నీ చివరి రౌండులోనే బయటపడతాయి.

పక్క నుంచి తీసిన దాంట్లో పాదం నేలను మొదట తాకిన చోట ఆపండి. మోకాలి నుంచి నిట్టనిలువుగా కిందికి ఒక గీత ఊహించుకోండి. పాదం ఆ గీత దగ్గరే, ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటుగా ఉంటే బాగున్నట్టే. గీత దాటి జానెడు ముందుకు పోయి, మోకాలు తిన్నగా బిగిసి, మడమ నేలను పొడుస్తూ కనిపిస్తే అడుగు చాచి వేస్తున్నారు. అలా వేసిన ప్రతి అడుగూ బ్రేకే. ముందుకు పోతున్న ఒంటిని ఆ కాలు వెనక్కి నెడుతుంది. వేగం తగ్గడం ఒక నష్టం. ఆ తాకిడి కాలి ముందు ఎముక మీదుగా మోకాలికి, తుంటికి ఎక్కడం రెండో నష్టం. మోకాలు కాస్త వంగి దిగితే తొడ, పిక్క కండరాలు ఆ తాకిడిలో చాలా భాగం మింగేస్తాయి. బిగిసిన మోకాలికి ఆ వెసులుబాటు లేదు.

వెనక నుంచి తీసిన దాంట్లో నిక్కరు నడుం పట్టీని చూడండి. కుడికాలి మీద ఒళ్లు మోపిన క్షణంలో పట్టీ ఎడమ వైపు జారినట్టు ఒరిగితే కుడి తుంటి పక్క కండరం సరిగ్గా పట్టడం లేదని అర్థం. మోకాళ్లు లోపలికి వాలి రాసుకుంటున్నాయా, ఒక పాదం రెండోదాని దారిలోకి అడ్డం పడుతోందా అన్నవి కూడా ఇక్కడే తెలుస్తాయి.

మైపాడు, కొత్తపట్నం, పాకల లాంటి బీచ్‌లు అందుబాటులో ఉన్నవాళ్లకు ఫోన్ కూడా అక్కర్లేదు. అల వెనక్కి పోయాక గట్టిగా, తడిగా మిగిలే ఇసుక మీద ఉత్తకాళ్లతో ఒక 50 మీటర్లు మామూలుగా పరిగెత్తి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి అడుగులు చూడండి. మడమ గుంట మిగతా పాదం కంటే బాగా లోతుగా దిగి, గుంట ముందు అంచున ఇసుక ముందుకు తోసుకుపోయి ఉంటే చాచి వేసి ఆపుతున్నారు. అడుగు మొత్తం దాదాపు ఒకే లోతున ఉండి, వేళ్ల దగ్గర ఇసుక కాస్త వెనక్కి నెట్టినట్టుంటే అది మంచి అడుగు. కుడీ ఎడమా అన్నీ ఒకే గీత మీద పడి ఉంటే కాళ్లు అడ్డం పడుతున్నాయి. అప్పుడు పుల్లతో పొడవుగా ఒక గీత గీసి, కుడి పాదం గీతకు కుడి పక్కన, ఎడమ పాదం ఎడమ పక్కన, లోపలి అంచులు గీతకు రెండు మూడు వేళ్ల దూరంలో పడేలా మళ్లీ పరిగెత్తండి. నాలుగైదు సార్లకు ఆ తేడా కాలికి తెలిసిపోతుంది. ఒక కాలి గుర్తే బయటికి తిరిగి ఉంటే కంగారుపడి మార్చకండి. తీరం నీళ్ల వైపు వాలి ఉంటుంది కాబట్టి ఎదురు దిక్కులో కూడా పరిగెత్తి చూసి, అప్పుడూ అదే కాలు తిరిగితేనే లెక్కలోకి తీసుకోండి.

అడుగుల సంఖ్య పెంచండి, పొడవు దానంతటదే తగ్గుతుంది

"పాదాన్ని ఒంటి కింద వెయ్యి" అని గట్టు మీద నుంచి అరవడం తేలిక. పరిగెత్తేవాడు పాదం గురించే ఆలోచిస్తే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. దానికి బదులు, వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగుల సంఖ్య పెంచితే అడుగు కుదించుకోక తప్పదు, పాదం వచ్చి ఒంటి కిందే పడుతుంది. ఈ ఒక్క మార్పుకు గట్టి ఆధారం ఉంది. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూస్తే, అదే వేగంలో అడుగులు 5 శాతం పెంచినప్పుడు మోకాలి మీద, 10 శాతం పెంచినప్పుడు తుంటి మీద కూడా భారం తగ్గింది.

లెక్క ఇలా తీసుకోండి. మామూలు వేగంతో పరిగెత్తుతూ 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి, దాన్ని 4తో గుణించండి. 39 సార్లు అయితే నిమిషానికి 156 అడుగులు. దానికి 5 శాతం కలిపితే 164, అంటే 30 సెకన్లకు కుడికాలు 41 సార్లు. ఫోన్‌లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ యాప్‌ను 164 దగ్గర పెట్టి టిక్కుకో అడుగు వేయండి. అప్పుడే 180కి ఎగబాకకండి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ దూరపు పరుగుల వాళ్ల అడుగులు లెక్కపెడితే దాదాపు అందరూ 180, ఆ పైనే వేస్తున్నారు. అప్పటి నుంచి ఆ అంకె అందరి నోటా నానుతోంది. వాళ్లు పోటీ వేగంలో ఉన్న ఒలింపిక్ రన్నర్లు. పొడుగాటి మనిషికి, నిదానంగా పరిగెత్తేవాడికి 160 నుంచి 170 మధ్య ఉన్నా ఏ లోటూ లేదు. మీ అంకె మీదే, దానికి 5 నుంచి 10 శాతం లోపల కలపండి.

తొలిసారి చేసేవాళ్లందరూ తప్పేది ఒకే చోట: అడుగులు పెంచగానే వేగం కూడా పెంచేస్తారు. వేగం పెరిగితే అడుగు మళ్లీ పొడవవుతుంది, చేసిన పని వృథా. 200 మీటర్ల గ్రౌండులో ముందు రౌండుకు ఎంత టైము పట్టేదో టిక్కుతో పరిగెత్తినప్పుడూ అంతే పట్టాలి. రెండు మూడు సెకన్లు తేడా వస్తే పర్లేదు.

అడుగు కుదిస్తే టైము పోతుందని కానిస్టేబుల్ అభ్యర్థులు భయపడతారు. లెక్క వేసి చూడండి. ఏపీలో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి, అంటే నిమిషానికి 200 మీటర్లు. నిమిషానికి 170 అడుగులు వేసేవాడికి ఒక్కో అడుగు 1.18 మీటర్లు చాలు. 155 వేసేవాడు అదే టైముకు 1.29 మీటర్లు చాచాలి. ప్రతి అడుగుకూ నాలుగు అంగుళాలకు పైగా ఎక్కువ చాచుతూ నాలుగు రౌండ్లు తిరగాలన్నమాట. మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు, నిమిషానికి 152 మీటర్లు. 165 అడుగులతో అయితే 92 సెంటీమీటర్ల అడుగు సరిపోతుంది. సైన్యంలో చేరే అగ్నివీర్ ర్యాలీలో 60 మార్కుల కోసం ఇదే దూరం 5 నిమిషాల 30 సెకన్లలో రావాలి. అక్కడ అడుగు పొడవు కూడా కావాలి, కానీ ఆ పొడవు వెనక కాలు గట్టిగా నెట్టడం వల్ల రావాలి, ముందు కాలు చాచడం వల్ల కాదు.

మొదటి రెండు వారాలు టిక్కుతో ఒక నిమిషం, మామూలుగా రెండు నిమిషాలు, ఇలా ఐదు సార్లు. మూడు, నాలుగు వారాల్లో టిక్కుతో మూడు నిమిషాలు, మామూలుగా ఒకటి. ఐదో వారం నుంచి పరుగంతా. మొదటి రెండు వారాల్లో దూరం ఒక్క అడుగు కూడా పెంచొద్దు, ఎందుకంటే మోకాలి మీద తగ్గిన పనిలో కొంత పిక్కల మీదికి మారుతుంది. పిక్కలు కొత్తగా కాస్త పట్టేస్తాయి. అది రెండు రోజుల్లో పోవాలి. పోకపోతే టిక్కు టైము సగానికి తగ్గించండి.

మడమా, మునివేళ్లా?

ఈ చర్చకు దొరుకుతున్నంత విలువ దానికి లేదు. మడమ ముందు తాకేలా పరిగెత్తేవాళ్లు ఎక్కువమంది, వాళ్లలో గాయాలు లేకుండా ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లు ఉన్నారు. మడమ తాకడం తప్పు కాదు, ఒంటికి చాలా ముందు తాకడం తప్పు. యూట్యూబ్ చూసి ఒక్కరోజులో మునివేళ్ల మీదికి మారినవాళ్లకు మోకాలి నొప్పి పోయి, మడమ వెనక అకిలిస్ టెండన్ నొప్పి వస్తుంది. అది మోకాలి నొప్పి కంటే మొండిది. అడుగుల సంఖ్య సరిచేసుకుంటే పాదం తనకు అనువైనట్టు పడుతుంది, దాన్ని వదిలేయండి.

చప్పుడు మాత్రం వినండి. పాదం టపటపా కొడుతుంటే గట్టిగా దిగుతున్నారు. పక్కవాళ్లకు వినపడనంత మెత్తగా దిగాలని అనుకుంటే చాలు, మోకాలు దానంతటదే కాస్త వంగుతుంది.

ఒంటి పైభాగం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. చూపు 15, 20 మీటర్ల ముందుండాలి. ముందుకు వాలడం చీలమండ నుంచి కొద్దిగా ఉండాలి. నడుము దగ్గర వంగితే తుంటి వెనక్కి పోయి, కాలు మళ్లీ ముందుకు చాచుకుంటుంది. మోచేతులు దాదాపు 90 డిగ్రీల్లో వంచి, చేతులు ముందుకూ వెనక్కూ ఆడించండి. చేతులు ఛాతీకి అడ్డంగా ఊగితే కింద కాళ్లు కూడా అడ్డం పడతాయి. గుప్పిళ్లు బిగించొద్దు. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కాయనిపిస్తే ఒక్కసారి చేతులు కిందికి జారవిడిచి దులుపుకుని మళ్లీ అందుకోండి.

ఎక్కడ పరిగెత్తుతున్నారు

మన జిల్లాల్లో సింథటిక్ ట్రాక్ అందరికీ దొరకదు. ఉన్నవాటిలో గట్టిపడిన మట్టి దారి మేలు: చెరువు కట్టలు, కాలువ కట్టలు, పెన్నా పొర్లుకట్ట. గుంతలు ఉంటాయి కాబట్టి చీకట్లో పరిగెత్తకండి. చీలమండ మడత పడేది అక్కడే. సీసీ రోడ్డు గట్టిదే, కానీ చదునుగా ఉంటే భయపడాల్సినంత లేదు. నెమ్మదిగా అలవాటు చేసుకుంటే ఒళ్లు దానికి తగ్గట్టు కండరాలను సర్దుకుంటుంది. ఏకంగా మట్టి నుంచి సిమెంటుకు, అదీ ఈవెంట్లకు, అంటే పరుగు పరీక్షలకు, నెల ముందు మారడమే ప్రమాదం.

తారు రోడ్డుతో చిక్కు గట్టితనం కాదు, వాలు. వాన నీళ్లు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు పల్లంగా వేస్తారు. వచ్చే బండ్లు కనబడేలా కుడి అంచున పరిగెత్తడమే భద్రం, కానీ అప్పుడు కుడికాలు ఎప్పుడూ పల్లంలో, ఎడమ కాలు మిట్టలో పడుతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే మోకాలి బయటి పక్క నొప్పి పట్టుకుంటుంది. బండ్లు తిరగని ఊరి దారి అయితే మధ్యలో పరిగెత్తండి, లేదా రోడ్డు పరుగును వారానికి ఒకటి రెండు రోజులకు కుదించుకోండి. 16వ నంబరు జాతీయ రహదారి అంచు మాత్రం ఏ వేళలోనూ వద్దు.

గుండ్రటి గ్రౌండులోనూ ఇదే సంగతి. ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతుంటే రెండు కాళ్ల మీదా భారం వేర్వేరుగా పడుతుంది. 200 మీటర్ల స్కూలు గ్రౌండులో మలుపులు ఇరుకు కాబట్టి తేడా ఇంకా ఎక్కువ. నెమ్మది పరుగు రోజుల్లో సగం రౌండ్లు ఎదురు దిక్కులో తిరగండి. వేగంగా పరిగెత్తే రోజు మాత్రం అందరూ తిరిగే దిక్కే.

బీచ్ పొడి ఇసుక మీద పరిగెత్తితే కాళ్లకు బలం వస్తుందని కిలోమీటర్లు లాగిస్తారు. పొడి ఇసుకలో మడమ లోపలికి కూరుకుపోతుంది, అకిలిస్ టెండన్ మామూలు కంటే ఎక్కువ సాగుతుంది. వారానికి ఒకసారి, మొదట్లో పది నిమిషాలు చాలు. ఆ తర్వాత తడి ఇసుక మీదికి రండి. వెళ్లినంత దూరం వెనక్కి కూడా పరిగెత్తండి, వాలు రెండు కాళ్లకూ సమానంగా పడుతుంది.

అడుగు చాచే అలవాటు ఉన్నవాళ్లకు అన్నిటికంటే మంచి గురువు ఎత్తు. నరసింహకొండ, సింగరాయకొండ లాంటి చోట్ల గుట్ట ఎక్కే రోడ్డు మీద చాచి అడుగు వేయడం కుదరదు, నేలే పాదానికి ఎదురొస్తుంది. సన్నటి ఎత్తులో 20 నుంచి 30 సెకన్లు పైకి పరుగు, కిందికి నడక, ఇలా ఆరు సార్లు, వారానికి ఒకరోజు. కిందికి పరిగెత్తకండి. దిగుడులో తొడ కండరాలు, మోకాలి చిప్ప మీద పడే భారం ఎక్కువ.

దూరం పెంచే లెక్క

నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. 12 వారాలు చేతిలో ఉంచుకోండి.

అసలు పరుగు అలవాటు లేనివాళ్లు మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు, వారానికి మూడు రోజులు చేయాలి. మధ్యలో ఒక రోజు ఖాళీ తప్పనిసరి, ఎముక బలపడేది ఆ ఖాళీ రోజునే. ప్రతి వారం పరుగు కొంచెం పెంచుతూ, నడక తగ్గిస్తూ పోండి. ఆరో వారానికి ఆగకుండా 20 నిమిషాలు నిదానంగా పరిగెత్తగలగాలి. నిదానం అంటే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. అప్పటిదాకా స్టాప్‌వాచ్ తీయొద్దు. ఏడో వారం నుంచి నాలుగో రోజు కలిపి, వారంలో ఒక్కరోజు మాత్రం వేగం పెట్టండి: 400 మీటర్లు ఈవెంటు వేగంతో, మధ్యలో 200 మీటర్లు నడక, నాలుగు సార్లు. పదో వారంలో ఆరు సార్లు.

ఏ ఒక్కరోజూ గత నెల రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన పరుగు కంటే పదో వంతుకు మించి పెంచొద్దు. 4 కిలోమీటర్లు మీ పెద్ద పరుగు అయితే ఈసారి 4.4. స్నేహితులు పిలిచారని ఆదివారం ఏకంగా 8 కిలోమీటర్లు పరిగెత్తడం, వారం మానేసి ఆ లోటంతా ఒక్కరోజులో పూడ్చాలనుకోవడం, చాలా షిన్ నొప్పులు, అంటే కాలి ముందు ఎముక నొప్పులు, ఇలా మొదలయ్యేవే. నాలుగు వారాలకు ఒకసారి దూరం మూడో వంతు తగ్గించి కాళ్లకు ఊపిరి పోయనివ్వండి.

పరుగు ముందు ఐదు నిమిషాల చురుకైన నడక, ఐదు నిమిషాల మెల్లని జాగింగ్, తర్వాత గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకు వెనక్కి పదిసార్లు ఊపడం, 20 మీటర్లు హై నీస్ (మోకాళ్లు నడుము ఎత్తుకు లేపుతూ), 20 మీటర్లు బట్ కిక్స్ (మడమలు వెనక పిరుదులకు తగిలేలా), 60 మీటర్ల స్ట్రైడ్‌లు (మెల్లగా మొదలై వేగం పెంచుకుంటూ పోయే పరుగు) మూడు. చల్లటి ఒంటితో నిలబడి వంగి కాళ్లు లాగి పట్టుకోవడం పరుగు తర్వాత చేసుకోవచ్చు, ముందు అవసరం లేదు.

కాళ్లకు బలం

టెక్నిక్ ఎంత తెలిసినా, నాలుగో రౌండులో దాన్ని నిలబెట్టేది కండరమే. వారానికి రెండు రోజులు, 20 నిమిషాలు చాలు. జిమ్ అక్కర్లేదు, ఇంటి ముందు మెట్టు ఉంటే సరిపోతుంది.

మెట్టు అంచున పాదం ముందు భాగం మోపి, గోడకు వేళ్లు ఆనించి, రెండు సెకన్లలో మడమలు పైకి లేపండి, మూడు సెకన్లలో మెట్టు కిందికి దించండి. 15 చొప్పున మూడు సార్లు. తర్వాత ఇదే మోకాళ్లు కొంచెం వంచి 12 చొప్పున మూడు సార్లు. మోకాలు వంచినప్పుడు పని చేసేది పిక్క లోపలి పొర సోలియస్, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే. అందరూ మోకాలు తిన్నగా పెట్టి చేసేసి దీన్ని వదిలేస్తారు. మూడు వారాల తర్వాత ఒంటికాలితో చేయండి. ఒంటికాలితో ఆగకుండా 25 లేపగలిగితే పిక్క పరుగుకు సిద్ధమైనట్టు. ఒక కాలు 25, రెండోది 14 అయితే ఆ రెండో కాలి మీద ఇంకా పని ఉంది.

అదే మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ నేలకు తగిలీ తగలనట్టు మెల్లగా దించి, మళ్లీ లేవండి. 10 చొప్పున మూడు సార్లు. ఎదురుగా అద్దం ఉంటే మోకాలు కాలి రెండో వేలి మీదుగా పోతోందా, బొటనవేలు దాటి లోపలికి వాలుతోందా చూసుకోండి. వాలుతుంటే మెట్టు ఎత్తు తగ్గించండి, సంఖ్య పెంచకండి. తుంటి పక్క కండరానికి ఒంటి పక్క మీద పడుకుని, వీపు, పై కాలి మడమ గోడకు ఆనించి, ఆ కాలిని గోడ వెంట మడమ జారుతుండగా పైకి లేపండి, 15 చొప్పున మూడు సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపే బ్రిడ్జి 12 చొప్పున మూడు. మడమల మీద 30 మీటర్లు నడవడం రెండు సార్లు, అది కాలి ముందు కండరానికి.

ఏ నొప్పి ఏం చెబుతోంది

పదికి ఎంత నొప్పి అని మీకు మీరే అంకె వేసుకోండి. 3 లోపల ఉండి, పరుగులో పెరగకుండా, మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే దూరం పెంచకుండా కొనసాగించవచ్చు. అంతకు మించినా, కుంటి పరిగెత్తాల్సి వచ్చినా ఆపేయాలి. కుంటుతూ పరిగెత్తితే రెండో కాలికి కూడా నొప్పి తెచ్చుకున్నట్టే.

కాలి ముందు ఎముక లోపలి అంచున వేలితో నొక్కుకుంటూ రండి. జానెడు మేర సలుపుగా ఉంటే షిన్ స్ప్లింట్. పరుగు సగానికి తగ్గించి, అడుగులు పెంచి, పిక్క వ్యాయామం చేస్తే కొన్ని వారాల్లో దారికొస్తుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోటే పొడిచినట్టు నొప్పి, ఒంటికాలితో గెంతితే అక్కడే నొప్పి, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే ఎముకకు సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయి ఉండొచ్చు. ఆ రోజే పరుగు ఆపి ఎముకల డాక్టరును కలవండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండుకు పోకండి, అవసరమైతే ఎంఆర్ఐ అడగండి. ఈ పగులు మీద పరిగెత్తితే ఎముక పూర్తిగా విరిగిన సందర్భాలున్నాయి.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగేటప్పుడు, బస్సులో గంటసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువైతే అది తొడ, తుంటి బలహీనతతో పాటు చాచిన అడుగు తెచ్చిన నొప్పి. మోకాలి బయటి పక్కన, ప్రతిసారీ దాదాపు ఒకే దూరం దగ్గర మొదలయ్యే నొప్పి ఐటీ బ్యాండ్‌ది, అంటే తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన ఉండే పట్టీది. రోడ్డు వాలు, దిగుడు, అడ్డం పడే పాదాలు దాని కారణాలు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ అడుగున పొడిస్తే అరికాలి పొర వాచినట్టు. మడమ వెనక పైన బిగుసుకుపోయి నడిచేకొద్దీ వదిలితే అకిలిస్.

కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగినవాళ్లకు నడుము, కీళ్లు బిగుసుకుపోయి ఉండటం ఫ్లోరోసిస్ వల్ల కూడా కావచ్చు. పరుగు ఆపినా తగ్గని బిగుతు అయితే డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అమ్మాయిలకు సాధన మొదలయ్యాక మూడు నెలలు వరుసగా నెలసరి రాకపోతే, శ్రమకు తగ్గ తిండి అందడం లేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని అనుమానించాలి. దీన్ని సిగ్గుపడి దాచుకోవద్దు. తిండి పెంచాలి, డాక్టరుకు చూపించుకోవాలి. రాగిసంగటి, పాలు, పెరుగు, ముల్లుతో సహా తినే నెత్తళ్ల లాంటి చిన్న చేపల్లో ఎముకకు కావాల్సిన కాల్షియం బాగా ఉంటుంది.

నొప్పి తెలియకుండా సూది వేయించుకుని గ్రౌండులోకి దిగడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. డైక్లోఫెనాక్ లాంటి మందు నొప్పిని మాత్రమే కప్పుతుంది, పగులు అక్కడే ఉంటుంది. పైగా చెమటలు కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

షూ, ఎండ, వాన

షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పెద్ద వేలికి, షూ కొనకు మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ధర కంటే పాదానికి హాయిగా ఉండటం ముఖ్యం. 500 నుంచి 800 కిలోమీటర్లకు అడుగున ఉన్న మెత్త చచ్చిపోతుంది. పైన కొత్తగా కనిపించినా మార్చాలి. పలచటి కాన్వాసు షూతో అలవాటైనవాళ్లు మందపాటి వాటికి మారినా, మందపాటివి వదిలి పలచటివి వేసుకున్నా మొదట మూడో వంతు దూరానికే వాడండి.

ఏప్రిల్, మే నెలల్లో, రోహిణీ కార్తె దాకా, 5 గంటలకు మొదలుపెట్టి ఆరుంబావుకల్లా ముగించేయండి. తీరప్రాంతంలో ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. బయలుదేరే గంట ముందు అర లీటరు దాకా నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ లేదా లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగండి. పరిగెత్తేవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నల్లరేగడి గ్రౌండ్లు జారతాయి, షూకు బురద అంటి బరువెక్కుతుంది. ఆ రోజుల్లో గట్టి రోడ్డు మీద నిదానపు పరుగు, ఇంట్లో మెట్టు వ్యాయామం చేసుకోవడమే నయం.

ఈవెంట్లకు ముందు పది రోజులు

దూరం సగానికి తగ్గించండి. వేగపు పరుగు ఆఖరుసారి నాలుగైదు రోజుల ముందు, 400 మీటర్లు రెండు సార్లు మాత్రమే. కొత్త షూ, కొత్త సాక్సులు, కొత్త ఆయింట్‌మెంటు ఏదీ ఆ రోజు మొదలుపెట్టకండి.

8 నిమిషాలకు 400 మీటర్ల రౌండు 2 నిమిషాల చొప్పున పడుతుంది. మహిళలకు 2 నిమిషాల 37 సెకన్లు. విజిల్ పడగానే గుంపంతా దూసుకుపోతుంది, మొదటి రౌండు నిమిషంన్నరలో తిరిగి మూడో రౌండులో చతికిలబడతారు. అలిసిన కాలు చాచుకుంటుంది, చాచిన కాలు పట్టేస్తుంది, తొడ వెనక కండరం లాగేది ఎక్కువగా అప్పుడే. మొదటి రౌండు 1 నిమిషం 52 నుంచి 55 సెకన్ల మధ్య పెట్టుకుంటే చివరికి కొంచెం మిగులుతుంది. ఆఖరి 200 మీటర్లలో వేగం కావాలంటే కాలు చాచకండి, చేతులు వేగంగా ఆడించండి, అడుగులు వాటి వెంట వస్తాయి. గీత దాటాక అక్కడే కూలబడకుండా ఐదు నిమిషాలు నడవండి.